మగ్గం చప్పుడులో నా మాట

నా మొగుడు చెవిటివాడేమోనని నాకు అనుమానం వచ్చింది. అత్తగారింట్లో కాలు పెట్టి నెల తిరగక ముందే వచ్చింది.

అనుమానపడడం నాకు కొత్త కాదు. మా బాపు తాసీలు కచేరీలో జవాను. కచేరీకి వచ్చేవాళ్లు ఎన్ని రకాలుగా అబద్ధాలాడతారో రోజూ ఇంటికొచ్చి చెప్పేవాడు. ఆ కథలు వింటూ పెరిగాను. పాలు పోయడానికి వచ్చిన ఆమె చెంబు వంచుతుంటే పాలు చూసేదాన్ని కాదు, ఆమె కళ్లు చూసేదాన్ని. పెళ్లిచూపుల నాడు కూడా పిల్లవాడి కంటే ముందు అతని వెనక కూర్చున్న వాళ్లను ఒక్కొక్కరినీ పరకాయించి చూశాను, ఏం దాస్తున్నారోనని. సంబంధం తెచ్చిన పెద్దమనిషి మా బాపుతో "పిలగాడు నోట్ల నాలుక లేనోడు, మీరేం ఫికర్ పెట్టుకోకుండ్రి" అన్నాడు. నెమ్మదస్తుడని మురిసిపోయాం. పెళ్లయ్యాక ఆ మాట నాకు మళ్లీ గుర్తొచ్చింది. ఆయన నాలుక సంగతి చెప్పాడు గానీ చెవుల సంగతి ఎత్తలేదు గదా!

ఇది యాభైల చివరి మాట. మాది తిరుమలగిరి, మా అత్తగారిది రామన్నపేట దగ్గర ఊరు. ఇద్దరిదీ సాలె కులమే అయినా మా ఇంట్లో మగ్గం లేదు. తాత పోయాక దాన్ని విప్పి అటక మీద పడేశారు. అందుకని మాది చప్పుడు లేని ఇల్లు. బయట కోడి కూస్తే లోపల వినబడేది. అత్తగారింట్లో ముందరి సాయబాను వసారాలో రెండు గుంట మగ్గాలు, ఒకటి మా మామది, ఒకటి మా ఆయనది. తాడు లాగితే పోగును మోసుకుపోయే నాడె అటు కొట్టుకుని, మళ్లీ ఇటు కొట్టుకునేది. ఇరుగూ పొరుగూ కూడా అంతే. వాడంతా టకటకలే.

మొదట్లో నా మాట నాకే వినబడేది కాదు. అత్తమ్మ ఏదో అంటే ఆమె పెదవులు చూసి తల ఊపేదాన్ని. తల నొప్పి, ఒకటే నొప్పి. ఇట్లాంటి కొంపలో ఎట్లా బతకాలిరా దేవుడా అని పెరట్లోకి పోయి ఏడ్చాను కూడా. అంత చప్పుడూ ఏమైందో ఏమో, కొన్నాళ్లకు లేకుండా పోయింది. మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి, నాకే వినబడడం మానేసింది. ఒకనాడు నేను నూలు కండెలు చుడుతుండగా రెండు మగ్గాలూ ఒక్కసారే ఆగాయి. ఉలిక్కిపడి లేచి నిలబడ్డాను, ఇంట్లో ఏదో కాని పని జరిగిందని. ఏమీ లేదు, ఇద్దరూ అన్నానికి లేచారు. అప్పుడు నవ్వుకుని ఊరుకున్నాను. దాన్ని పట్టుకుని ఇంకొంచెం ఆలోచించి ఉంటే తరవాత కథంతా ఉండేది కాదు.

ఇక మా ఆయన సంగతి. మా దిక్కు ఆడది మొగుడి పేరు ఎత్తదు, ఎత్తితే ఆయన ఆయువు తరుగుతుందంటారు. పెళ్లినాడు గడప దగ్గర ఆడబిడ్డ అడ్డం నిలబడి "పేరు చెప్తెనే లోపటికి" అని పట్టుబడితే ఒక్కసారి చెప్పాను, అంతే. ఆ తరవాత నా నోట ఆ పేరు రాలేదు. మరి పిలవాలంటే? అందరు ఆడవాళ్లు పిలిచినట్టే. "ఇగో" అనాలి. "ఇంటున్నవా" అనాలి. ఆయన మగ్గం మీద కూర్చుని ఉంటే వెనక నిలబడి "ఇగో" అనేదాన్ని. ఉలుకూ లేదు పలుకూ లేదు. "ఇగో, నిన్నే." చేయి తాడు లాగుతూనే ఉండేది. "ఇగో, నీళ్లు తోడిన, తానం చేస్తవా?" వీపు వీపులాగే ఉండేది. వీపుతో కాపురం చెయ్యడానికా నన్ను తెచ్చుకుంది!

సరే, చెవిటివాడే అనుకున్నాను. నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. మా బాపును, రోజూ అబద్ధాలు పట్టుకునే మనిషిని, ఇంత సులువుగా బోల్తా కొట్టించారే అని. కానీ నేను రుజువు లేనిదే ఒక మాట అనను. పరీక్ష పెట్టాను. ఆయన వెనక నిలబడి సత్తుగిన్నె ఒకటి కావాలని జారవిడిచాను. అది గింగిరాలు తిరిగి గోడకు కొట్టుకుంది. పక్కింటి ముసలవ్వ వచ్చి "ఏం పగిలిందే" అని అడిగింది. మా ఆయన మాత్రం కదలలేదు. ఖాయం, అనుకున్నాను.

ఆ మరునాడో ఆ తరవాతో, నేను రాట్నం ముందు కూర్చుని ఉన్నాను. రెండు మగ్గాలూ జోరు మీద ఉన్నాయి. మా ఆయన ఉన్నట్టుండి చెయ్యి ఆపి, అటు వైపు చూడకుండానే "నాయినా, నీ దాంట్ల పోగు తెగింది" అన్నాడు. మా మామ మగ్గం ఆపి వంగి వెతికాడు. నిజంగానే పడుగులో, ఆ నిలువు నూలులో, ఒక పోగు తెగి పక్క పోగులకు చుట్టుకుని ఉంది. వెంట్రుకంత నూలు పోగు! పక్కనే కూర్చున్న మనిషికి తెలియనిది ఈయనకు తెలిసింది. గిన్నె పడితే వినబడనివాడికి పోగు తెగితే వినబడిందా?

నా చేతిలోని కండె చేతిలోనే ఉండిపోయింది. చెవుడు అయితే జాలిపడేదాన్ని, లేదా గొడవ పెట్టుకునేదాన్ని. ఇది ఆ రెండూ కాదు. ఈయనకు అన్నీ వినబడుతున్నాయి, నేను తప్ప. అప్పటినుంచి ఆయన చెవులకు కాపలా కాశాను. పెరట్లో నుంచి అత్తమ్మ పేరెత్తి పిలిచేది. గొంతు కూడా పెద్దగా ఎత్తేది కాదు. "ఆఁ అమ్మా" అని వెంటనే పలికేవాడు. పంచాయతీ ఆఫీసులో రేడియో పెడితే, వాడ అవతల, మగ్గం మీద నుంచే "ఇయ్యాల వానొస్తదంటున్నడు" అనేవాడు. నా "ఇగో" మాత్రం ఆయన దాకా పోయేది కాదు. పక్కన నిలబడి అన్నా పోయేది కాదు.

ఎందుకు? ఇంత అనుమానం ఎప్పుడూ పడలేదు నేను. నన్ను ఇష్టం లేకుండా కట్టుకున్నాడా? వేరే ఎవరి మీదైనా మనసుందా? ఆయనకు మేనమామ కూతురుండేదట, ఆమెకు నకిరేకల్లు దిక్కు ఇచ్చారట, ఈ సంగతి ముసలవ్వ ఒకసారి మామూలుగా అన్నది. నేను దాన్ని మామూలుగా తీసుకోలేదు. అన్నం పెట్టేటప్పుడు బాగానే మాట్లాడేవాడు. పచ్చడి బాగుందనేవాడు. మా ఊరి సంగతులు అడిగేవాడు. అది ఇంకా అనుమానంగా ఉండేది. నచ్చని మనిషితో పచ్చడి గురించి ఎందుకంత మంచిగా మాట్లాడాలి? ఏదో కప్పిపుచ్చుకోవడానికే గదా.

చివరికి ఉపాయం చేశాను. నా చెవిలో పోటు అన్నాను. అత్తమ్మ వెల్లుల్లి నూనె పోస్తానంది, వద్దు, దవాఖానకే పోతానని పట్టుబట్టాను. మా ఆయన షావుకారికి వాయిదాకు ఇవ్వాల్సిన నేత పక్కన పెట్టి నన్ను రామన్నపేట తీసుకుపోయాడు. దారిలో నొప్పి ఎట్లా ఉందని అడుగుతూనే ఉన్నాడు. లేని నొప్పికి జవాబు చెప్పలేక నేను తల తిప్పుకున్నాను.

దవాఖాన డాక్టరు కోస్తా నుంచి కొత్తగా వచ్చిన మనిషి. పుస్తకంలోలాగా మాట్లాడేవాడు, అందుకే నాకు నమ్మకం కుదరలేదు. నా చెవిలోకి లైటు వేసి చూసి "ఏమీ లేదమ్మా" అన్నాడు. ఉంటే గదా! అప్పుడు నేను అసలు సంగతి బయటపెట్టాను. "ఆయన చెవులు గూడ జర జూడుండ్రి సారు."

మా ఆయన నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ కళ్లలో ఉంది. కోపం కాదు. ఏమీ అర్థం కాని చూపు.

డాక్టరు ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు. రెండు కొమ్ముల ఉక్కు కడ్డీ ఒకటి తన మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టాడు, నెత్తి మీద పెట్టాడు. దూరం పోయి వెనక నుంచి గుసగుసగా ఏవో మాటలన్నాడు, మా ఆయన అన్నీ తిరిగి చెప్పాడు. "ఇంత మంచి చెవులు ఈ మధ్య చూడలేదు. ఎవరన్నారు వినబడదని?" అన్నాడు డాక్టరు.

"నేన్ పిలుస్తె పలుకడు" అన్నాను.

"ఎప్పుడు పలకడు?"

"మగ్గం మీద కూసున్నప్పుడు."

డాక్టరు నవ్వాడు. నవ్వడం నాకు నచ్చలేదు. "చూడమ్మా, చప్పుడు చెవిలో పడితే సరిపోదు. మెదడు దాన్ని పట్టించుకోవాలి. చెవిలో పడ్డవన్నీ పట్టించుకుంటూ కూర్చుంటే మనిషికి పిచ్చెక్కుతుంది. అందుకని పనిలో ఉన్నప్పుడు మెదడు ఆ పనికి కావలసిన చప్పుడునే పెద్దది చేసుకుంటుంది, మిగతావి తోసేస్తుంది. ఈయన మెదడు పోగుల మీద ఉంది. అయినా ఒకటి మాత్రం సాధారణంగా ఎంత గోలలోనైనా లోపలికి పోతుంది. ఎవరి పేరు వాళ్లకు వినబడుతుంది. నువ్వు ఏమని పిలుస్తావు?"

నేను తల వంచుకున్నాను. "ఇగో అంట" అన్నాను.

"ఇగో అని వాడలో ఆడవాళ్లంతా పిలుస్తారు గదా! పేరు పెట్టి పిలిచి చూడు."

పేరు పెట్టి పిలవాలట. మొగుడి ఆయువు సంగతి ఈ డాక్టరుకేం తెలుసు? పైగా ఆయన మగవాడు, మా ఆయన మగవాడు. ఇద్దరూ ఒకటయ్యారని గట్టిగా అనుకున్నాను. మెదడు తోసేస్తుందట! తోసేసేది మెదడైతే, ఆ మెదడు ఎవరిది?

తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన చెరువు కట్ట దగ్గర ఆగాడు. "నేను చెవిటోన్ననుకున్నవా?" అన్నాడు.

"ముందుగాల అనుకున్న. ఇప్పుడైతె అనుకుంట లేను."

"మరి ఇప్పుడేమనుకుంటున్నవు?"

"నా మాట నీకు ఇన బుద్ధిగాదు, గంతే."

"గట్ల గాదే. మగ్గంల కూసున్ననంటె నాకు పోగులే ఇనపడ్తయి. నిన్ను ఇనొద్దని గాదు." ఇంకేదో చెప్పబోయాడు. నోట్లో నాలుక లేనివాడు గదా, అంతటితో ఆగిపోయాడు.

అత్తమ్మకు ఈ సంగతి ఎట్లా తెలిసిందో నాకు తెలియదు. మా ఆయన చెప్పలేదంటాడు, నేనైతే చెప్పలేదు. మరునాడు పొద్దున వాకిట్లో పడుగు చాపి గంజి పెడుతుండగా, నలుగురూ చూస్తుండగా అత్తమ్మ అందుకుంది. "ముత్యమసొంటి కొడుకును చెవిటోన్ని జేసి దవాఖానల కూసోబెడ్తదా? మా ఇంట్ల ఎన్నడన్న ఉన్నదా గీ ముచ్చట? ఆషాఢంల తల్లిగారింటికి పోతది గదా, ఆన్నే ఉండనీ. నేను పిలుసుకరాను." ఇవన్నీ అంటున్నప్పుడు మా ఆయన నాకు కొంచెం దూరంలోనే ఉన్నాడు. బ్రష్షుతో పడుగు మీద గంజి రుద్దుతున్నాడు. మగ్గం చప్పుడు లేదప్పుడు. వినబడకపోవడానికి ఏ సాకూ లేదు. అయినా ఒక్క మాట అనలేదు. ఆరోజే నిశ్చయించుకున్నాను. ఆషాఢంలో పోతాను. అత్తమ్మ పిలవదు, నేను రాను.

దానికి ఇంక ఎంతో గడువు లేదు. ఆ మిగిలిన రోజుల్లో నేను ఆయన్ను పిలవలేదు. అవసరమైతే ఎదురుగా పోయి నిలబడి చెప్పేదాన్ని. కండెలు చుట్టి ఆయన మగ్గం పక్కన గంపలో పెట్టి వచ్చేదాన్ని. కండె అయిపోయే వేళకు ఇంకొకటి తయారుగా ఉండేది. వేళ నాకెట్లా తెలిసేదో అప్పుడు ఆలోచించలేదు. చూసి కాదు, వంటింట్లో ఉండి కూడా తెలిసేది.

ఆషాఢం రాగానే బాపు వచ్చాడు. అత్తమ్మ మంచినీళ్లిచ్చి పెరట్లోకి పోయింది. మా మామ ఏదో పని మీద బయటికి పోయాడు. బాపూ నేనూ బయట అరుగు మీద కూర్చున్నాం. గోడ అవతల మా ఆయన మగ్గం ఆడుతూ ఉంది. ఇరుగు పొరుగు మగ్గాలూ ఆడుతున్నాయి.

బాపు నా ముఖం చూసి పసిగట్టాడు. "ఏమైంది బిడ్డా? మంచిగనే జూస్తుండ్రా?"

చెప్పేద్దామని నోరు తెరిచాను. బాపూ, నేను మళ్లీ రాను, అని చెప్పాలి. అంతే, నాలుగు మాటలు. ఒకసారి చెబితే బాపు మళ్లీ అడగడు, నన్ను తీసుకుపోతాడు. తరవాత పెద్దమనుషులు, పంచాయితీ, ఏది కావాలంటే అది అవుతుంది. బాపు ఇంకోసారి అడిగాడు. "మల్ల ఎప్పుడు తోలియ్యాలె? శ్రావణంలనేనా?"

అప్పుడే గోడ అవతల పోగు తెగింది.

నాకు వినబడింది! ఎట్లా అని అడగవద్దు. వాడంతా మోగుతూ ఉంది, నా ముందు బాపు మాట్లాడుతున్నాడు. అయినా ఆ ఒక్క మగ్గంలో నాడె పోయే చప్పుడు కొంచెం మారింది, తెగిన పోగు దానికి తగులుతున్నట్టు. ఇప్పుడు ఆపుతాడు, అనుకున్నాను. ఆపలేదు. పక్క మగ్గంలో పోగు తెగితే పట్టేసేవాడు తన మగ్గంలో తెగితే ఆపలేదు. నేస్తూనే ఉన్నాడు. మారిన చప్పుడు అట్లాగే సాగుతూ ఉంది.

పెరట్లోంచి అత్తమ్మ ఆయన్ను పేరెత్తి పిలిచింది. పలకలేదు. ఇంకోసారి, గట్టిగా పిలిచింది. పలకలేదు. ఎంత గోలలోనైనా పేరు వినబడుతుందన్నాడు డాక్టరు. కన్నతల్లి పిలిచిన పేరు అది.

పోగు వినకుండా, పేరు వినకుండా ఈ మనిషి దేన్ని వింటున్నాడు?

బాపు నా జవాబు కోసం చూస్తున్నాడు. నేను పరీక్ష పెట్టేదాన్నే గదా. ఇది ఆఖరి పరీక్ష అనుకున్నాను. గొంతు బాగా తగ్గించాను. బాపు కూడా చెవి దగ్గరికి తెచ్చేంతగా తగ్గించి, "శ్రావణం రాంగనే తోలియ్యి బాపూ" అన్నాను.

గోడ అవతల మగ్గం ఆగిపోయింది.

బాపుకేమీ తెలియదు, "గట్లనే బిడ్డా" అన్నాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుపో నవ్వో బాపుకు తెలియకూడదని. అంతలో అత్తమ్మ లోపల అరుస్తూ ఉంది. "ఏందిరా గిది? జానెడు పొడుగు పోగు లేకుంటనే నేసినవు! కండ్లు మూసుకోని నేసినవా? నేన్ పిలుస్తుంటె ఇనపడ్తలేదారా, నువ్వు నిజంగనే చెవిటోనివైనవా?" మా ఆయన ఏమన్నాడో వినబడలేదు. ఏమీ అని ఉండడు.

ఆనాడు మగ్గం మీదున్న చీర షావుకారికి ఇవ్వలేదు. అందులో సన్నని గీతలాగా ఖాళీ పడింది, మడత పెడితే కూడా దాగలేదు. శ్రావణంలో నేను తిరిగి వచ్చేసరికి అది మడతపెట్టి నా పెట్టె మీద ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. చిరిగేదాకా అదే కట్టుకున్నాను. గీత ఎప్పుడూ కుచ్చిళ్లలోకి పోకుండా బయటికి కనిపించేటట్టే కట్టుకున్నాను. అత్తమ్మ చూసి పళ్లు కొరికేది.

ఆ తరవాత కూడా మగ్గం మీద ఉన్నప్పుడు నా "ఇగో" ఆయనకు చాలాసార్లు వినబడలేదు. పెద్దగా మారిందేమీ లేదు. నేనే మారాను, నాకు ఒళ్లు మండడం తగ్గింది. పిల్లలు పుట్టాక ఒక్కొక్కసారి మాత్రం వాళ్ల చెవిలో ఆయన మీద ఏదైనా చాడీ మెల్లగా చెప్పేదాన్ని. వెంటనే మగ్గం ఆగేది.

ఆనాటి సంగతి ఆయన్ను ఎన్నోసార్లు అడిగాను. ముసలివాళ్లం అయ్యాక కూడా అడిగాను. అరుగు మీద నేను మా బాపుతో ఏమన్నానో విన్నావా లేదా అని. "నాకేం ఇనపడలే, పోగు తెగిందని ఆపిన" అనేవాడు, ప్రతిసారీ అదే మాట.

నేను నమ్మను. పోగు తెగింది నేను ఆ మాట అనక ముందే.